ముద్రయు, లేఖయు, మాఱుపేరును

ఇంటిగుట్టును పరులకు జేరవేయువానిని మన పల్లెలలో “వీడు ఉప్పందించువాడు” అందురు. రాజనీతి గ్రంథములలో చారుడు, గూఢపురుషుడు, వేగు అని మర్యాదగల పేర్లు పెక్కు గలవు గాని, ఊరి నోట బుట్టిన యీ మాటలోని రోత వానిలో గానరాదు. దానికి గారణము లేకపోలేదు. రాజునకు చారులే కన్నులు; చారులు లేని రాజు గ్రుడ్డివాడని పూర్వులు చెప్పిరి. ఊరికి మాత్రము ఆ కన్ను దొడ్డివాకిలి సందునుండి లోనికి దొంగచూపు చూచు పరాయికన్ను. ఒకే పనికి గద్దెమీదనుండి చూచిన నొక పేరు, గడపలోనుండి చూచిన వేఱొక పేరు.

వేగులు, కూటలేఖలు, మాఱువేషములు కథలలో నెట్లున్నవి, నిజముగా నడచినప్పు డెట్లుండినవి అనునది నేటి ప్రసంగవిషయము. నిజముకొఱకు నేను దూరదేశములకు బోను. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ – ఈ మూడూళ్ళ చుట్టుపట్ల 1946 మొదలు 1951 వఱకు నడచిన కాలము చాలును. అయితే ముందుగా నొక కథ చెప్పవలసియున్నది. ఆ కథ తెలిసిననే గాని మన తాలూకాలలో జరిగిన మోసము బోధపడదు.

విశాఖదత్తుడు సంస్కృతమున రచించిన ముద్రారాక్షస నాటకము మీలో ననేకులు విని యుందురు. నందులు నశించిరి, చంద్రగుప్తుడు పాటలీపుత్రమున గద్దె యెక్కెను. నందుల మంత్రి రాక్షసుడు మాత్రము లొంగలేదు. తన భార్యాపుత్రులను చందనదాసుడను రత్నవర్తకుని యింట దాచి, తాను పరరాజు మలయకేతుని జేరెను. చాణక్యుడు వానిని చంపగోరలేదు. చంద్రగుప్తునకు మంత్రిగా జేయగోరెను. ఇట్టి స్వామిభక్తుడు శత్రువుగా నున్న నెంత ప్రమాదమో, తనవాడైన నంత లాభమని యాతని లెక్క.

చాణక్యుని వేగు ఒకడు యమపటము చంక బెట్టుకొని, యింటింట బటము విప్పి పాట పాడుచు దిరుగును. ఇట్టివానిని వేగని యెవ్వరు శంకింతురు? వాడు చందనదాసుని యింట బటము విప్పగా ఒక పసివాడు వింత చూడ గడప దాటి వచ్చెను. లోపలినుండి ఒక స్త్రీ చేయి చాచి వానిని వెనుకకు లాగెను. ఆ తొందరలో వ్రేలి యుంగరము జాఱి క్రింద బడినది. అది రాక్షసుని ముద్రాంగుళీయకము. ఒక తల్లి తొందర ఒక రాజ్యతంత్రమును తలక్రిందు చేసినది.

తరువాత చాణక్యుడు చేసినది వినుడు. పంపువాని పేరు లేక, అందుకొనువాని పేరు లేక ఒక లేఖ కూర్చెను. దానిని రాక్షసుని చెలికాడైన శకటదాసుడను లేఖకునిచేతనే, విషయము తెలియనీయక, వ్రాయించెను. పైన రాక్షసుని యుంగరముతో ముద్ర వేయించెను. సిద్ధార్థకుడను తన మనిషిచేత శకటదాసుని కొఱత తప్పించినట్లు నటింపజేసి, ఆ మేలుచేత రాక్షసుని కొలువున బ్రవేశపెట్టెను. పిమ్మట ఆ సిద్ధార్థకుడే లేఖతో మలయకేతుని కాపలాదారులకు “పట్టుబడెను”. మలయకేతుడు లేఖ జూచెను: వ్రాత శకటదాసునిదే, ముద్ర రాక్షసునిదే. ఇంక ననుమాన మేల? రాక్షసుని ద్రోహి యని త్రోసివేసెను.

ఇచ్చట నిలిచి యోచింపుడు. చాణక్యుడు ఒకరి చేవ్రాలు అనుకరింపలేదు. దొంగముద్ర పోతపోయలేదు. చేవ్రాలు నిజము, ముద్ర నిజము, కాగితమో తాళపత్రమో అదియు నిజమే. అబద్ధము విషయ మొక్కటియే. లక్కముద్రను పరీక్షించువాడు ఎంత పరీక్షించినను దోషము గానరాదు. కూటలేఖలలో నిది పైతరగతిది. రాజశాసనములను కల్పించు కూటశాసనకర్తలకు వధయే దండనమని మనుస్మృతి విధించినది. ఆ దండనము ప్రజలకే కాబోలు. మంత్రి తన రాజుకొఱకు జేసిన కూటలేఖను నాటకము చూచువారు మెచ్చుకొని యిండ్లకు బోవుదురు. నేనును మెచ్చుకొన్నవాడనే. ఎత్తు అంత చక్కనిది.

ఇప్పుడు సూర్యాపేటకు వత్తము.

నిజాము రాజ్యమున దేశముఖులు, దేశపాండ్యాలు మొదట భూస్వాములు కారు. సర్కారునకు శిస్తు వసూలుచేసి యిచ్చువారు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ సాలారుజంగు సంస్కరణలు వచ్చి, సర్కారు తన యుద్యోగులచేతనే వసూలు చేయించుకొనుట మొదలయ్యెను. పాతవారికి రుసుము లేర్పడినవి. తరువాత కొలతలు, బందోబస్తు నడచినవి. ఆ సందడిలో వేలకొలది యెకరములు వారి పేర పట్టాలుగా నెక్కినవి. అడవి గొట్టి, గట్లు వేసి, తరతరములుగా దున్నుచున్న రైతు మఱునాడును ఆ చేనే దున్నెను. వానికేమియు దెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట “నీవు కౌలుదారుడవు, నీ యిష్టము వచ్చినప్పుడు కాదు, నా యిష్టము వచ్చినంతకాలము దున్నుము” అని దొర చెప్పినప్పుడు, తన తాత చేను తనది కాదని వినెను.

కచేరీకి బోయి చూచిన నేమి కనబడును? కాగితము సర్కారుది. మొహరు సర్కారుది. దస్తకతు అధికారిది. గొలుసు కొలత సరియైనదే, హద్దులు సరియైనవే. గడిలో నున్న పేరొక్కటే యబద్ధము. వ్రాత ఉర్దూ, చదువగలవాడు ఊరికి ఒకడో యిద్దఱో, వారును దొర కొలువువారు. ముద్రారాక్షసమున మలయకేతుడైనను లేఖ చదువుకొనెను. మన రైతునకు ఆ భాగ్యము గూడ లేదు. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబము క్రింద లక్షా యేబదివేల యెకరములుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువడిన తమ తెలంగాణ పోరాట గ్రంథమున వ్రాసిరి. అందులో నెంత కొనుగోలు, ఎంత యప్పుక్రింద జమకట్టినది, ఎంత కలముమీద వచ్చినది అని విడదీయుట నేడు శక్యము కాదు. విడదీయరాకుండ వ్రాయుటయే ఆ విద్యలోని మెలకువ.

పట్వారీలనందఱిని ఒక గాట గట్టుట న్యాయము గాదు. రాత్రివేళ రైతును పిలిచి “నీ సర్వే నంబరు ఫలానావాని పేర నున్నది, జాగ్రత్త” అని చెవిలో జెప్పినవాడును పట్వారీయే. వంశపారంపర్యపు గ్రామోద్యోగములు 1984లో రద్దయినవి. పహాణీలో పట్టాదారు గడి వేఱు, అనుభవదారు గడి వేఱు అని పెద్దలైన మీకు నేను చెప్పనక్కఱలేదు. నేడు ఆ గడులు కాగితము వదలి యంత్రములోని కెక్కినవి. అయినను ఆ గడిని నింపునది మనిషి చేయియే.

ఇక మునగాల మాట. కోదాడనుండి సూర్యాపేటకు బోవు పెద్దబాట మధ్య మునగాల పరగణా గలదు. నలుదెసల నిజాము రాజ్యము. నడుమ నీ పరగణా మాత్రము చెన్నరాజధానిలోని కృష్ణాజిల్లాకు జేరినది. సముద్రమున దీవి వంటిది. దాని జమీందారు నాయని వేంకటరంగారావుగారును, దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు ముఖ్యులు. తెలుగు పుస్తకమునకు తెలంగాణమున నొక గూడు గట్టినవారు. ఆ పరగణాలోనే రైతులు జమీందారీ పద్ధతిపై పోరాడుటయు జరిగినది. ఒకే చోట రెండును నిజమే.

ఎల్ల యనునది వేగులవారికి వరము, పోలీసులకు శాపము. నిజాము పోలీసు తఱుముకొని వచ్చిన మనిషి పరగణా పొలిమేర దాటెనా, ఆ జవాను గట్టుమీద నిలిచిపోవలసినదే. అవతలిది తెల్లదొర రాజ్యము. 1947 ఆగస్టు తరువాత స్వతంత్ర భారతము. కోదాడనుండి సూర్యాపేటకు నడచువాడు ఒక్క పూటలో రెండుమాఱులు రాజ్యము మాఱును. నిషిద్ధమైన కరపత్రములు, కబుర్లు, మనుష్యులు, గాయపడినవారు ఆ సందున రాకపోకలు జరిపిరి. తరువాత ఆ పరగణా నల్లగొండజిల్లాలో గలిసి, 2016 నుండి సూర్యాపేటజిల్లాలో నున్నది. నేడచ్చట హద్దురాళ్ళకొఱకు వెదకినను మోటారులో బోవువానికి దెలియదు.

1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియయ్యెను. 1947 సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనుగారలు సాయుధపోరాటమునకు బిలుపునిచ్చిరి. అచ్చటినుండి మాఱుపేర్ల కాలము. సూర్యాపేట తాలూకాలో కలవారి యింట బుట్టిన మల్లు స్వరాజ్యముగారు, దళనాయకుడు భీమిరెడ్డి నరసింహారెడ్డిగారి చెల్లెలు, “రాజక్క” యను పేర దిరిగెను. ఆమెను పట్టియిచ్చినవారికి పదివేల రూపాయల బహుమానమని ప్రకటించిరి. ఆ దినములలో పదివేలన నెన్ని చెలకలు, ఎన్ని జతల యెడ్లు! రాజక్క యెవరో యెఱిగినవారు ఎన్ని గ్రామములలో నుండిరి! ఆమెను ఎవరును పట్టియీయలేదు. 2022 మార్చిలో వృద్ధురాలై మరణించినది. అంతకు ముందు రెండుమాఱులు తుంగతుర్తినుండి శాసనసభకు తన సొంతపేరుననే యెన్నికయ్యెను.

మా నాయనమ్మ మూసీ కాలువల ప్రక్కనున్న యొక పల్లెటూరి కోడలు. ఆమె నా చిన్నతనమున జెప్పిన మాట యొకటి విన్నవింతును. రాత్రివేళ తలుపు తట్టి నలుగు రైదుగురు వత్తురట. పేరడుగరాదు, ఎచ్చటనుండి యని యడుగరాదు. గటకయో జొన్నరొట్టెయో పెట్టి పంపవలెను. అంతవఱకు గష్టము లేదు. కష్టము తెల్లవాఱిన పిమ్మట. ఇంట మనుష్యులు ముగ్గురు. వాకిట బడిన విస్తళ్ళు ఎనిమిది. ఉప్పందించువాడు తుపాకులు వెదకడు, విస్తళ్ళు లెక్కపెట్టును. అందుచే ఆమె ఎంగిలివిస్తళ్ళను చీకటితోనే పేడగుంతలో బూడ్చి, పైన నొక తట్ట పెంట గుమ్మరించి, మూడు విస్తళ్ళను మాత్రము వాకిట వేసెడిదట. చాణక్యుని యర్థశాస్త్రము 1909లో గాని అచ్చుపడలేదు; అచ్చుపడినను మా నాయనమ్మకు చదువు రాదు. ఈ విద్య యామెకు ఎవరు నేర్పిరి?

పట్టణములలో రహస్యస్థావరములు నడపిన స్త్రీల పని యింకను కఠినము. ఒకరినొకరు ముందెన్నడు నెఱుగనివారు ఒక యింట తల్లి, బిడ్డ, అన్న, వదినె యని నటింపవలెను. ప్రక్కయింటి యమ్మలక్కలు చూచుచుందురు. పొరపాటున ఒక దినము “అన్నా” యని, మఱొక దినము “బావా” యని పిలిచిన గుట్టు రట్టగును. కొండపల్లి కోటేశ్వరమ్మగారు 2012లో వెలువడిన “నిర్జనవారధి”లో నట్టి జీవితపు బరువును జెప్పిరి. స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ప్రకటించిన “మనకు తెలియని మన చరిత్ర”యందు తెలంగాణపు స్త్రీలు తమ నోటనే చెప్పుకొన్నవి గలవు. డిటెక్టివు నవలలలో మాఱువేషము వేయువానికి గడ్డము తగిలించిన జాలును. ఇచ్చట గడ్డము పనికిరాదు. రోజూ వండవలెను, నీళ్ళు తేవలెను, పొరుగువారితో నవ్వవలెను.

ఇంతవఱకు చెప్పినది వినుటకు నింపుగానే యున్నది. ఇంపుగాని భాగమును దాటవేయుట ధర్మము గాదు.

కౌటిల్యుడు వేగులను గూర్చి చెప్పిన నియమములలో ఒకటి నాకు మిక్కిలి గొప్పదిగా దోచును. ఒకరినొకరు ఎఱుగని ముగ్గురు వేగులు, వేఱువేఱుగా వచ్చి, ఒకే మాట చెప్పిననే రాజు నమ్మవలెనని యాతడు విధించెను. మాటిమాటికి పొసగని వార్తలు తెచ్చువేగును సద్దుచేయక దండింపుమని కూడ చెప్పెను. కరుణలేని గ్రంథమే, కాని ఒక్క నాలుకమీద ఒకని ప్రాణము నిలుపరాదన్న యెఱుక దానికి గలదు. మన పల్లెలలో ఆ యైదేండ్లు ముగ్గురికొఱకు గాచుకొను తీఱిక యెవ్వరికి నుండెను? రజాకారులకు ఒక్క వేలు చూపిన జాలును, ఇల్లు తగులబడెను. పోలీసులకును అంతే. దళములవారును ఉప్పందించువాడని తేల్చినవానికి మరణశిక్ష వేసిరి. ఇది వారే వ్రాసికొన్నది, దాచలేదు. నిజముగా ద్రోహము చేసినవారుండిరి. వారివలన దళములు దళములే కూలినవి. కాని పాతపగ, గట్టుతగవు, ఎడ్లబేరము – వీనిని మనసున నుంచుకొని ఒకడు మఱొకని పేరు చెవిన వేసిన, ఆ చీకటిలో దానిని పరీక్షించు న్యాయాధిపతి యెవరు? ఉప్పందించువాని గుర్తేమి? నుదుట వ్రాసియుండదు. వాడును ఊరిలోనివాడే, అదే బావి నీళ్ళు త్రాగువాడే. ఈ మూడు ప్రాంతములలో ఎన్నియో కుటుంబములు “మా తాత ఉప్పందించలేదు” అని మూడవతరమునను చెప్పుకొనుచున్నవి. వారి మాట నిజమో కాదో తేల్చు కాగితము ఎచ్చటను లేదు. రహస్యముగా నడచిన కాలము తన దస్తావేజులను తానే కాల్చివేయును.

పై మెట్టున నేమి జరుగుచుండెనో కొంచెము చూతము. 1947 నవంబరు 29వ తేదీన నిజాము ప్రభుత్వమునకును భారతప్రభుత్వమునకును యథాతథపుటొడంబడిక కుదిరెను. ఒకరికొకరు సంవత్సరకాలము కదలకుండుట దాని సారము. ఒకవంక నీ కాగితము. మఱొకవంక హైదరాబాదు ప్రభుత్వము పాకిస్తానమునకు ఇరువదికోట్ల రూపాయల ఋణపత్రము లిచ్చినది. 1948 వేసవి కడపటినుండి రాత్రివేళల కరాచీనుండి విమానములు బీదరు, వరంగల్లు విమానస్థలములకు ఆయుధములు మోసికొని రాజొచ్చెను. వానిని నడపించినవాడు సిడ్నీ కాటన్ అను నాస్ట్రేలియావాడు.

ఈతని పూర్వకథ వినదగినది. 1939లో, యుద్ధమునకు కొన్ని నెలలు ముందు, వ్యాపారినని చెప్పుకొని జర్మనీమీదుగా తన సొంతవిమానమున దిరిగెను. విమానపు బొడ్డున, జరుపుడుపలక వెనుక, ఛాయాగ్రహణయంత్రములు దాచియుంచెను. బేరమునకు వచ్చిన పెద్దమనిషి యని జర్మనులు మర్యాదచేయుచుండగా, క్రింద వారి స్థావరములు ఆంగ్లేయులకొఱకు బొమ్మలుగా బడుచుండెను. యమపటము మోసిన చాణక్యుని వేగునకు ఇతడు తమ్ముడు. తొమ్మిదేండ్ల పిమ్మట ఆ నైపుణ్యమునే ధనమునకు అమ్ముకొని మన దేశమునకు వచ్చెను. ఆంగ్లదేశ న్యాయస్థానము తరువాత వానికి జుల్మానా వేసినది. అంతే.

1948 సెప్టెంబరు 13వ తేదీ వేకువను భారతసైన్యములు షోలాపురమువైపునుండి ప్రధానముగను, బెజవాడవైపునుండి మఱొక పాయగను గదలెను. బెజవాడపాయ మన బాటనే వచ్చినది. కోదాడయొద్ద నిజాము సైన్యముతో నొక పోరు. మఱునాడు సూర్యాపేటమీద విమానముల దాడి, పిమ్మట పట్టణము వశమగుట. వెనుకకు బోవు నిజాముసైన్యము మూసీ వంతెనను కూల్చెను గాని, దానిని బాగుచేయువారిని అడ్డుటకు అవతలిగట్టున ఎవ్వరిని నిలుపలేదు. అందుచే సైన్యము త్వరలోనే దాటెను. 17వ తేదీన నిజామే రేడియోలో మాటలాడెను. నూటికి నూఱు పాళ్ళు సైన్యముతో జరిపిన యీ పనికి “పోలీసు చర్య” యని పేరుపెట్టిరి. పరరాజ్యముపై దండయాత్ర కాదు, ఇంటిలోని యల్లరి యణచుటయే యని లోకమునకు జెప్పుటకు. మాఱుపేరు మనుష్యులకే గాదు, యుద్ధములకును గలదు. నేటికిని మన పెద్దలు “పోలీసాక్షన్” ముందు, తరువాత యనియే కాలము లెక్కింతురు.

ఆ తరువాత మఱాఠ్వాడా, బీదరు, గుల్బర్గా దిక్కుల ముస్లిములమీద జరిగిన ఘోరములను విచారించుటకు పండిత సుందరలాలుగారి సంఘము 1948 చివర పర్యటించెను. ఇరువదియేడువేలనుండి నలువదివేలవఱకు ప్రాణములు పోయియుండునని వారు అంచనా వేసిరి. ఆ నివేదిక దశాబ్దములవఱకు ప్రజలకు వెల్లడి కాలేదు. కూటలేఖ అబద్ధమును నిజముగా జూపును. బీరువాలో బెట్టిన నివేదిక నిజమునే లేకుండ జేయును. ఏది యెక్కువ హాని యని నన్నడిగిన, రెండవదియే యందును.

ఇక ప్రధానమంత్రి లాయఖలీ. ఆయనను హైదరాబాదున గృహనిర్బంధమున నుంచిరి. 1950 మార్చిలో కావలివారి కన్నుగప్పి మాయమై పాకిస్తానము చేరెను. కావలివారు ఖాళీయింటిని కాచినారన్నమాట. ఈ వార్త విన్నప్పుడు నాటకములు చూచిన తెలుగువారికి ఒకటి జ్ఞప్తికి వచ్చియుండవలెను – వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో వ్రాసిన ప్రతాపరుద్రీయము. అందు కాకతిప్రభువును ఢిల్లీవారు చెఱపట్టగా, మంత్రి యుగంధరుడు పిచ్చివాడై నటించి, ఢిల్లీకి బోయి, తన రాజును విడిపించి తెచ్చును. పేరిగాడను చాకలివాడు రాజుపోలిక గలవాడగుటచే జరుగు చిత్రములు చూచి కడుపుబ్బ నవ్వని ప్రేక్షకుడు లేడు.

చరిత్రలో నట్లు జరుగలేదు. 1323లో ఓరుగల్లు పడినది. ప్రతాపరుద్రుడు ఢిల్లీకి గొనిపోబడుచు నర్మదాతీరమున మరణించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలసశాసనము తెలుపుచున్నది. ఏ యుగంధరుడును రాలేదు. సూర్యాపేటప్రక్క పిల్లలమఱ్ఱిలో కాకతీయుల కాలపు గుడులు చూచి వచ్చినవారికి ఆ నష్టము తెలియును. ఆఱువందల యేండ్ల తరువాత ఒక కవి ఆ రాజును కాగితముమీద విడిపించి తెచ్చెను; జనము దానిని సంతోషముగా గ్రహించిరి. దానిని మోసమనరాదు. శాసనము శాసనముగానే యున్నది. నాటకము తాను నాటకమనియే చెప్పుకొన్నది. అబద్ధము తన పేరు తానే చెప్పుకొన్నప్పుడు దానివలన హాని లేదు. కొమ్మూరి సాంబశివరావుగారు 1950ల తరువాత వ్రాసిన పరిశోధక నవలలలో డిటెక్టివునకు యుగంధరు అనియే పేరు పెట్టిరి. మంత్రి పోయి పట్టణపు పత్తేదారు అయినాడు గాని తెలుగువాని తలలో యుక్తికి ఆ పేరే నిలిచినది.

1950లో మాత్రము కథ తిరుగబడినది. మంత్రి తప్పించుకొని పోయెను. రాజు తన నగరుననే యుండి, ఆ యేటి జనవరి 26 నుండి రాజప్రముఖుడై, 1956 వఱకు భారతప్రభుత్వముక్రింద పదవి నిలుపుకొనెను. ఇట్టి ముగింపు నాటకమున వ్రాసిన ప్రేక్షకులు నమ్మరు.

పల్లెలలో పోరాటము ఇంకను మూడేండ్లు సాగెను. దళములు నల్లమలకు, గోదావరి యడవులకు దప్పుకొనెను. 1951 అక్టోబరులో విరమణ ప్రకటించిరి. వెంటనే యెన్నికలు వచ్చెను. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టుపార్టీపై నిషేధ మింకను తొలగలేదు గనుక వారు ప్రజాతంత్ర సమాఖ్య యను పేర నిలిచిరి. అది కడపటి మాఱుపేరు. నల్లగొండనుండి లోకసభకు నిలిచిన రావి నారాయణరెడ్డిగారికి దేశమున నందఱికంటె, జవహర్లాలు నెహ్రూగారికంటెను, ఎక్కువ వోట్లు వచ్చినవి. సూర్యాపేటనుండి బొమ్మగాని ధర్మభిక్షముగారు శాసనసభకు జేరిరి.

ఆ యెన్నికల దినములలో ఒక మధ్యాహ్నమున మా నాయనమ్మ వాకిట నొక మనిషి వచ్చి నిలిచెనట. ఎండవేళ, తలపాగా లేక, చేతులు జోడించి “అమ్మా, నన్ను గుర్తుపట్టితివా?” యని యడిగెను. ఆమె పట్టలేదు. ఎన్నిమాఱులో ఆ యింట దిన్నవాడే, కాని ఆమె యెన్నడును వాని ముఖము పగటి వెలుగున జూచియుండలేదు. అతడు తన పేరు చెప్పెను. ఆ పేరును ఆమె వినియుండలేదు. తరువాత నతడు మెల్లగా తన పాతపేరు చెప్పగా, ఆమె “నీవా నాయనా! దా, కూర్చో” యని లోనికి బోయి విస్తరి తెచ్చెనట. తిన్న పిమ్మట ఆ విస్తరిని పేడగుంతకు గొనిపోవుచున్న యామెను జూచి, అతడు “ఇంక నక్కఱలేదమ్మా” అనెను. ఆమె ఒక క్షణము నిలిచి, దానిని వాకిట వేసినది.